ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లే పాటకు సౌండ్ కార్డు కొత్తగా చేర్చేది ఏమిటి?

ప్రశ్న: మా డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను హాల్లో ఉన్న ఏవీ రిసీవర్‌కు ఆప్టికల్ కేబుల్‌తో కలిపాను. రిసీవర్‌కు అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్నాయి. మా నాన్నగారు దాచుకున్న పాత పాటల సీడీలను ఫ్లాక్ ఫైళ్లుగా (నాణ్యత పోకుండా కుదించే పద్ధతి) కంప్యూటర్‌లోకి ఎక్కించి వింటుంటాను. ఈ మధ్య ర్యామ్ మార్పించడానికి వెళ్లినప్పుడు షాపు యజమాని, మదర్‌బోర్డు మీది సౌండ్ చిప్పు నాసిరకమని, పది పన్నెండు వేలు పెట్టి విడిగా సౌండ్ కార్డు వేయించుకుంటే పాటలో ప్రతి వాద్యమూ విడివిడిగా వినబడుతుందని చెప్పారు. డిజిటల్ అంటే ఒకట్లూ సున్నాలే కాబట్టి ఏ కార్డు వేసినా ఒకటేనని మా బావ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? మరో రెండు సంగతులు కూడా అడగాలి. సినిమాలు చూసేటప్పుడు అన్ని స్పీకర్లూ మోగుతాయి గానీ, గేములు ఆడేటప్పుడు ముందున్న రెండే మోగుతున్నాయి. మొదట్లో కోయాక్సియల్ కేబుల్ వాడినప్పుడు గుయ్‌మని సన్నటి శబ్దం వచ్చేది. ఆప్టికల్‌కు మారాక పోయింది. అది కూడా చిప్పు లోపమేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

సమాధానం: మీరు వివరించిన అమరికలో, అంటే మదర్‌బోర్డు నుంచి ఆప్టికల్ కేబుల్ ద్వారా రిసీవర్‌కు ధ్వని వెళుతున్నంత కాలం, విడి సౌండ్ కార్డు వేయించినందువల్ల పాటల నాణ్యత పెరగదు. షాపు యజమాని చెప్పినది అబద్ధమని అనను. అది వేరే అమరికకు వర్తించే మాట. మీ బావగారి మాట ఫలితం విషయంలో సరైనదే అయినా, ఆ ఒకట్లూ సున్నాలూ దారిలో మారిపోకుండా ఉన్నాయా అని చూసుకున్న తరువాతే దానిని పూర్తిగా ఒప్పుకోవాలి. గేముల విషయంలో మాత్రం సౌండ్ కార్డుకు నిజంగానే ఒక ఉపయోగం ఉంది, కానీ అదే పని ఇంతకంటే బాగా, బహుశా ఒక కేబుల్ ఖర్చుతోనే జరిగే మార్గం కూడా ఉంది.

కంప్యూటర్‌లో పాట అంకెల వరుసగా ఉంటుంది. సీడీ పాటలో సెకనుకు 44,100 సార్లు, ఒక్కో చానల్‌కు 16 బిట్ల చొప్పున ధ్వని కొలతలు నమోదై ఉంటాయి. రెండు చానళ్లకూ కలిపి సెకనుకు 14,11,200 బిట్లు. ఈ అంకెలను యాంప్లిఫయర్‌కు అందించగల విద్యుత్ సంకేతంగా మార్చే భాగాన్ని డాక్ అంటారు. మంచి సౌండ్ కార్డుకు మనం ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఈ డాక్‌కూ, దాని తరువాత సంకేతాన్ని పెంచే ఆప్‌యాంప్‌లకూ, కెపాసిటర్లకూ, గ్రాఫిక్స్ కార్డు నుంచీ పవర్ సప్లై నుంచీ వచ్చే విద్యుత్ రొదను అడ్డుకునే లోహపు కవచానికీ పోతుంది. రొద కంటే పాట ఎంత గట్టిగా ఉంటుందో చెబుతూ డబ్బా మీద పెద్ద అక్షరాలతో ముద్రించే 116 డీబీ (డెసిబెల్), 120 డీబీ వంటి అంకెలన్నీ కార్డుకున్న అనలాగ్ జాక్ దగ్గర కొలిచినవి. మీరు ఆ జాక్‌లో ఏమీ పెట్టడం లేదు. ఆప్టికల్ సాకెట్ వాడినప్పుడు అంకెలు అంకెలుగానే కాంతి రూపంలో బయటికి వెళతాయి. వాటిని విద్యుత్ సంకేతంగా మార్చే డాక్ రిసీవర్‌లో ఉంటుంది. అందువల్ల మీ ఇంట్లో పాట స్పష్టతను నిర్ణయించేవి రిసీవర్‌లోని డాక్, దాని యాంప్లిఫయర్, మీ స్పీకర్లు, ఆ హాలు. మనియార్డరు తెచ్చే పోస్ట్‌మాన్ కొత్త సైకిలు మీద వచ్చినా పాత సైకిలు మీద వచ్చినా చేతికందే రూపాయలు అవే అయినట్టు, ఇక్కడ కార్డు చేసేది అంకెలను చేరవేయడమే.

అయితే ఆ అంకెలు మధ్యలో చెక్కుచెదరకుండా చేరుతున్నాయని ఎలా నమ్మడం? దీనికి సగం సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. సినిమా నడుస్తున్నప్పుడు రిసీవర్ ముందు పలకను ఒకసారి గమనించండి. అక్కడ డాల్బీ డిజిటల్ అనో డీటీఎస్ అనో (ఇవి అనేక స్పీకర్ల ధ్వనిని కుదించే పద్ధతులు) కనబడితే, ఫైలులోని కుదించిన ధ్వని ప్రవాహం అదే చిప్పు, అదే కేబుల్ గుండా యథాతథంగా చేరి, రిసీవర్‌లో విప్పబడుతోందని అర్థం. ఇటువంటి ప్రవాహంలో ప్రతి బిట్టుకూ నిర్దిష్టమైన పాత్ర ఉంటుంది. మామూలు పాటలో కొలతలు కొద్దిగా మారితే చెవికి తెలియకపోవచ్చు గానీ, ఇందులో అంకెలను ఏ కొంచెం సవరించినా డీకోడర్ దానిని గుర్తుపట్టలేక మూగబోతుంది లేదా టపటపమని తెగిపోతుంది. గంటల తరబడి సినిమా సాఫీగా వినబడుతోందంటే మీ మదర్‌బోర్డు చిప్పు, కేబుల్ తమ పని తాము సరిగానే చేస్తున్నట్టు. (పలక మీద ప్రోలాజిక్ వంటి పేరు కనబడితే మాత్రం, రెండు చానళ్ల ధ్వనినే రిసీవర్ అయిదుకు పంచుతోందని గ్రహించాలి, అప్పుడు ఈ సాక్ష్యం చెల్లదు.)

మిగతా సగం సందేహం విండోస్‌కు సంబంధించినది. సినిమా ప్లేయర్ కుదించిన ప్రవాహాన్ని పంపేటప్పుడు విండోస్ దానిని ముట్టుకోదు. మామూలు పాట అలా కాదు. పాటతో పాటు మెయిల్ వచ్చిందని మోగే గంట, బ్రౌజర్‌లోని వీడియో, అన్నీ ఒకే సాకెట్ నుంచి బయటికి రావాలి కాబట్టి, విండోస్ వాటన్నిటినీ ఒకచోట కలుపుతుంది. కలపాలంటే అన్నీ ఒకే వేగంలో ఉండాలి. ఆ వేగం సాధారణంగా 48,000 హెర్ట్జ్‌గా, అంటే సెకనుకు 48,000 కొలతలుగా, నిర్ణయించి ఉంటుంది. మీ సీడీ పాటలు 44,100 హెర్ట్జ్‌వి. ఈ రెండింటి నిష్పత్తి 147 : 160, అంటే ఉన్న 147 కొలతల స్థానంలో 160 కొత్త కొలతలను లెక్కగట్టి తయారు చేయాలి. ఇప్పటి విండోస్ ఈ లెక్కను ఫర్వాలేదనిపించేంత బాగానే చేస్తుంది, మామూలుగా వినేవారికి తేడా తెలియదు. కానీ బయటికి వెళ్లేవి సీడీ మీది అంకెలు కావన్నది నిజం. దీనికి తోడు విండోస్ వాల్యూమ్ తగ్గించినప్పుడు ప్రతి కొలతా ఒక భిన్నంతో గుణించబడుతుంది, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ వంటి మెరుగులు ఆన్‌లో ఉంటే పాట స్వరూపమే మారిపోతుంది. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ చేసే పనులు. పన్నెండు వేల కార్డు వేసినా ఆ కార్డుకు అంకెలను అందించేది ఇదే విండోస్ కాబట్టి, ఈ మార్పులు అక్కడా యథాప్రకారం జరుగుతాయి.

షాపు యజమాని నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. దానిని తీసిపారేయకూడదు. 1997లో ఇంటెల్ తెచ్చిన ఏసీ 97 ప్రమాణం ఆధారంగా వచ్చిన మదర్‌బోర్డు చిప్పులు చాలా వరకు 48,000 హెర్ట్జ్ దగ్గరే పనిచేసేవి. సీడీ వేగంలో ఉన్న పాటను ముందు మార్చుకునేవి, ఆ మార్పిడి నాసిగా జరిగేది, అనలాగ్ జాక్‌లో రొద కూడా ఎక్కువగా ఉండేది. కంప్యూటర్ అంటే విడి సౌండ్ కార్డు ఉండాల్సిందేనన్న అభిప్రాయం ఆ రోజుల్లో స్థిరపడింది, అప్పటికి అది న్యాయమైనదే. అయితే విచిత్రమేమిటంటే, డిజిటల్ సాకెట్ విషయంలో అప్పటి పేరున్న విడి కార్డులు కూడా ఇదే దోషానికి లోనయ్యాయి. క్రియేటివ్ సంస్థ 1998లో విడుదల చేసిన సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డులోని ప్రాసెసర్ లోపలి పనంతా 48,000 హెర్ట్జ్‌లోనే చేసేది, అందువల్ల సీడీ పాటను ఎలా పంపినా మారకుండా బయటికి వచ్చేది కాదు. డబ్బు పెట్టి కొన్న కార్డే అంకెలను మార్చి పంపేదన్నమాట. 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ప్రమాణం వచ్చిన తరువాత మదర్‌బోర్డు చిప్పులు 44,100, 48,000, 96,000, 192,000 హెర్ట్జ్ వేగాలను నేరుగా నడపగలిగే స్థితికి చేరాయి. ఆప్టికల్ సాకెట్ వరకు ఆ వాదం అక్కడితో ముగిసింది. అయినా షాపుల్లో సలహా మాత్రం మారలేదు; కార్డు అమ్మితే లాభం వస్తుంది, సెట్టింగ్ చెబితే రాదు కదా.

ఆ సెట్టింగ్ ఇదీ. విండోస్‌లో సౌండ్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ప్లేబ్యాక్ జాబితాలో డిజిటల్ ఔట్‌పుట్ లేదా ఎస్‌పీడీఐఎఫ్ (ఆప్టికల్, కోయాక్సియల్ సాకెట్లు రెండూ వాడే డిజిటల్ పద్ధతి) అని ఉన్న పరికరం ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నవి కనబడితే అన్నిటినీ ఆపివేయండి. అడ్వాన్స్‌డ్ అన్నచోట, ప్రోగ్రాములు ఈ పరికరాన్ని పూర్తిగా తమ అధీనంలోకి తీసుకోవచ్చునన్న రెండు గడులలోనూ టిక్కు పెట్టండి. విండోస్ వాల్యూమ్‌ను నూటికి నూరు దగ్గర ఉంచి, ఇకమీదట హెచ్చుతగ్గులన్నీ రిసీవర్ రిమోట్‌తోనే చేయండి. ఏదో కారణంగా విండోస్‌లోనే తగ్గించవలసి వస్తే, ఔట్‌పుట్‌ను 24 బిట్ల దగ్గర ఉంచండి. ఒక్కో బిట్టుకు సుమారు 6 డీబీ లెక్కన, 16 బిట్ల పాటకు అడుగున 48 డీబీ వరకు ఖాళీ జాగా దొరుకుతుంది కాబట్టి పెద్దగా నష్టముండదు. తరువాత ఫూబార్2000 వంటి ప్లేయర్‌లో ఔట్‌పుట్‌గా ఇదే పరికరాన్ని ఎక్స్‌క్లూజివ్ అన్న మాటతో కలిపి ఎంచుకోండి. అప్పుడు పాట నడుస్తున్నంతసేపు విండోస్ కలగలుపు పక్కకు తప్పుకుంటుంది. ఆ సమయంలో బ్రౌజర్ నుంచి శబ్దం రాదు, దానికి కంగారు పడనక్కరలేదు. లినక్స్ వాడేవారు ఆల్సా హార్డ్‌వేర్ పరికరాన్ని నేరుగా ఎంచుకుంటే ఇదే ఫలితం వస్తుంది.

ఇది పనిచేసిందో లేదో చెవికి వదిలేయకుండా తేల్చే పరీక్ష ఒకటి ఉంది, నేను అందరికీ దీనినే సిఫారసు చేస్తాను. డీటీఎస్ ఆడియో సీడీ నుంచి తీసిన వేవ్ ఫైలు ఒకటి సంపాదించండి. ఇది కంప్యూటర్‌కు మామూలు 16 బిట్ల, 44,100 హెర్ట్జ్ పాటలాగే కనబడుతుంది గానీ, లోపల ఉన్నది అయిదు స్పీకర్లకు, సబ్‌వూఫర్‌కు కుదించిన ధ్వని. రిసీవర్ వాల్యూమ్‌ను బాగా తగ్గించి, ఆ ఫైలును మీ ప్లేయర్‌లో, పాటను నడిపినట్టే నడపండి. అంకెలు చెక్కుచెదరకుండా చేరితే రిసీవర్ పలక మీద డీటీఎస్ అని పడి, సంగీతం అన్ని స్పీకర్లలోనూ వస్తుంది. దారిలో వేగం మారినా, వాల్యూమ్ ఒక్క మెట్టు తగ్గినా, ఏదైనా మెరుగు ఆన్‌లో ఉన్నా, రిసీవర్ దానిని గుర్తించలేక కుళాయి నుంచి గాలి తన్నుకొచ్చినట్టు హోరును వినిపిస్తుంది. ఆ హోరు గట్టిగా ఉంటే ట్వీటర్లకు హాని, అందుకే ముందు వాల్యూమ్ తగ్గించమన్నాను. డీటీఎస్ పేరు పడిందంటే, మీ మదర్‌బోర్డు పంపుతున్న అంకెలకూ, లక్ష రూపాయల పరికరం పంపగల అంకెలకూ తేడా లేనట్టే. ఫైలులో ఉన్నదంతా అక్కడికి చేరింది, దానికి మించి చేర్చడానికి ఏమీ లేదు.

ఈ మాట చెప్పగానే ధ్వనిప్రియులలో కొందరు జిట్టర్ ప్రస్తావన తెస్తారు. అంకెలు సరిగానే చేరినా అవి చేరే క్షణాలలో ఎగుడుదిగుడు ఉంటే ధ్వని చెడుతుందని వారి వాదన. సిద్ధాంతంగా ఇది తప్పు కాదు. ఎస్‌పీడీఐఎఫ్‌లో గడియారానికి, అంటే ఒక్కో కొలత ఎప్పుడు రావాలో చెప్పే సంకేతానికి, ప్రత్యేకమైన తీగ లేదు. పంపేవైపు గడియారం లయను రిసీవర్ ఆ ప్రవాహంలో నుంచే ఏరుకోవాలి, కాబట్టి పంపేవైపు వణుకు కొంత అవతలికి చేరే అవకాశం ఉంది. కానీ శ్రోతలతో జరిపిన పరీక్షల్లో సంగీతంలో ఈ వణుకు తెలియడానికి అది పదుల నానోసెకన్ల మేర ఉండవలసి వచ్చింది. పనిచేస్తున్న మామూలు పరికరాలలో ఉండేది అంతకంటే చాలా తక్కువ. పైగా దానిని అణచివేయవలసిన బాధ్యత కూడా డాక్‌కు ముందున్న సర్క్యూట్‌దే, అది మళ్లీ రిసీవర్‌లోనే ఉంది. దీని గురించి మరీ పట్టింపు ఉన్నవారు సౌండ్ కార్డు కొనడం కంటే అసింక్రనస్ పద్ధతిలో నడిచే యూఎస్‌బీ డాక్ కొనడం తర్కబద్ధంగా ఉంటుంది, ఎందుకంటే అందులో గడియారం డాక్ దగ్గరే ఉండి, కంప్యూటర్ దాని లయకు అనుగుణంగా అంకెలను అందిస్తుంది.

ఇక గుయ్‌మనే శబ్దం సంగతి. అది చిప్పు లోపం కాదు. కోయాక్సియల్ కేబుల్ రాగిది. దాని పై తొడుగు కంప్యూటర్ చాసీని రిసీవర్ చాసీతో విద్యుత్‌పరంగా కలుపుతుంది. రెండూ వేర్వేరు ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకుంటున్నప్పుడు, లేదా కేబుల్ టీవీ వైరు వంటి మరో దారిలో ఎర్త్ అయి ఉన్నప్పుడు, ఆ తొడుగు గుండా 50 హెర్ట్జ్ కరెంటు కొద్దికొద్దిగా పారి రిసీవర్‌లోని అనలాగ్ భాగంలో హమ్ పుట్టిస్తుంది. ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది కాంతి, ఆ ప్లాస్టిక్ తంతువు విద్యుత్తును మోయదు; కాబట్టి వలయం తెగి శబ్దం పోయింది. సౌండ్ కార్డు కూడా అదే క్యాబినెట్‌కు బిగిస్తారు కనుక, దాని కోయాక్సియల్ సాకెట్ వాడితే ఆ హమ్ తిరిగి వస్తుంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మన ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా మూడో రంధ్రానికి ఎర్త్ వైరు కలపని సందర్భాలు చాలా ఎక్కువ. కంప్యూటర్ క్యాబినెట్‌ను తాకితే వేలికి సన్నగా జివ్వుమంటుంటే మీ సాకెట్ కూడా అలాంటిదే కావచ్చు. సౌండ్ కార్డు కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి అది చూపించండి. హమ్ పోవడానికి ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

గేముల ప్రశ్న దగ్గరికి వస్తే, ఇక్కడ మాత్రం సౌండ్ కార్డు పక్షాన చెప్పవలసినది కొంత ఉంది. ఎస్‌పీడీఐఎఫ్‌ను మొదట రెండు చానళ్ల ధ్వని కోసం రూపొందించారు. కుదించని ధ్వని అయితే అందులో రెండు చానళ్లే పడతాయి. అయిదు స్పీకర్లకు, సబ్‌వూఫర్‌కు పంపాలంటే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించక తప్పదు. సినిమా ఫైలులో ఆ కుదింపు స్టూడియోలోనే జరిగి ఉంటుంది, డాల్బీ డిజిటల్ అయితే డీవీడీలో సెకనుకు గరిష్ఠంగా 448 కిలోబిట్లు. కంప్యూటర్ చేసేది దానిని దాటించడం ఒక్కటే. గేము అలా కాదు. మీరు తల ఎటు తిప్పితే శబ్దం ఆ దిక్కుకు మారాలి కనుక, ధ్వని అప్పటికప్పుడు పుడుతుంది, కుదించని ఆరు చానళ్లుగా పుడుతుంది. దానిని అక్కడికక్కడే డాల్బీ డిజిటల్‌గా కుదించేవారు ఎవరో ఉండాలి. లేకపోతే ధ్వని అంతా రెండు చానళ్లలోనే కలిసి వెళుతుంది, మీకు ఇప్పుడు జరుగుతున్నది అదే. ఈ పని చేసేవాటిని డాల్బీ డిజిటల్ లైవ్, డీటీఎస్ కనెక్ట్ అంటారు. ఎన్విడియా 2001లో ఎన్‌ఫోర్స్ మదర్‌బోర్డుల కోసం తెచ్చిన సౌండ్‌స్టార్మ్ దీనిని ఇంటి కంప్యూటర్లకు పరిచయం చేసింది. తరువాత అనేక విడి సౌండ్ కార్డులు, లైసెన్సు రుసుము కట్టిన కొన్ని మదర్‌బోర్డులు ఈ సౌకర్యంతో వచ్చాయి. మీ బోర్డులో ఉందో లేదో తెలుసుకోవడానికి, ఇంతకు ముందు చెప్పిన అడ్వాన్స్‌డ్ పేజీలోనే డీఫాల్ట్ ఫార్మాట్ జాబితాను చూడండి. రెండు చానళ్ల వేగాలతో పాటు డాల్బీ డిజిటల్ లైవ్ లేదా డీటీఎస్ ఇంటరాక్టివ్ (డీటీఎస్ కనెక్ట్‌లో భాగం) అన్న పంక్తి ఉంటే దానిని ఎంచుకోవడమే. లేకపోతే, ఆప్టికల్‌నే పట్టుకుని ఉండాలనుకుంటే, సౌండ్ కార్డు నిజంగా కొత్త సామర్థ్యాన్ని తెస్తుంది. అయితే అది చేసేది కుదింపే కనుక ధ్వనిలో కొంత పోతుంది, కుదించి విప్పడానికి పట్టే సమయం వల్ల తుపాకీ పేలిన చిత్రానికీ శబ్దానికీ మధ్య చిన్న జాప్యం కూడా చేరుతుంది. వేగంగా సాగే గేములు ఆడేవారు దీనిని గమనిస్తారు.

దానికంటే మంచి దారి హెచ్‌డీఎంఐ. మీ గ్రాఫిక్స్ కార్డుకు, లేదా మదర్‌బోర్డుకు, హెచ్‌డీఎంఐ సాకెట్ ఉండే ఉంటుంది. 2002లో వచ్చిన మొదటి కూర్పు నుంచే హెచ్‌డీఎంఐ ఎనిమిది చానళ్ల కుదించని ధ్వనిని 24 బిట్లు, 192,000 హెర్ట్జ్ వరకు మోయగలదు. గేములోని ధ్వని కుదింపు లేకుండా, జాప్యం లేకుండా రిసీవర్‌కు చేరుతుంది. విండోస్ సౌండ్ ప్యానెల్‌లో ఆ హెచ్‌డీఎంఐ పరికరాన్ని ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కి, 5.1 అని చెబితే సరిపోతుంది. బ్లూరే సినిమాల్లోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో ఆప్టికల్‌లో పట్టనే పట్టవు. 2006 నాటి హెచ్‌డీఎంఐ 1.3 నుంచి అవి కూడా యథాతథంగా వెళతాయి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. చాలా పాత రిసీవర్లలో హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉన్నా అవి చిత్రాన్ని టీవీకి దాటించడానికే తప్ప ధ్వనిని తీసుకోవు. మీ రిసీవర్ మాన్యువల్‌లో హెచ్‌డీఎంఐ ద్వారా మల్టీచానల్ పీసీఎం (అనేక చానళ్ల కుదించని ధ్వని) తీసుకుంటుందన్న వాక్యం ఉందేమో చూడండి. మరొక చికాకు, ధ్వని కోసం కలిపిన రిసీవర్‌ను విండోస్ రెండో మానిటర్‌గా భావిస్తుంది. మానిటర్‌ను డిస్‌ప్లేపోర్ట్‌తో నేరుగా కలిపి, హెచ్‌డీఎంఐని రిసీవర్‌కు ఇస్తే చిత్రానికి ఏ లోటూ ఉండదు గానీ, మౌస్ బాణం అప్పుడప్పుడు ఆ కనబడని తెర మీదికి జారిపోతుంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ తెరను ఒక మూలకు మాత్రమే తగిలేలా జరిపి ఉంచితే ఈ బాధ దాదాపు తీరుతుంది. రాగి కేబుల్ కాబట్టి హెచ్‌డీఎంఐలోనూ ఎర్త్ వలయం వల్ల హమ్ తిరిగి రావచ్చునని మరిచిపోవద్దు. సాకెట్ ఎర్త్ సరిచేయించమనడానికి ఇది మరో కారణం. కంప్యూటర్‌కూ రిసీవర్‌కూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇచ్చినా చాలాసార్లు తగ్గుతుంది.

షాపు యజమాని సలహా ఎవరికి పనికివస్తుందో కూడా చెప్పడం న్యాయం. కంప్యూటర్ వెనుక ఆకుపచ్చ జాక్ నుంచి నేరుగా యాంప్లిఫయర్‌కో, ఎక్కువ ఇంపిడెన్స్ ఉన్న హెడ్‌ఫోన్‌కో ధ్వని తీసుకునేవారికి, క్యాబినెట్ ముందు జాక్‌లో మౌస్ కదిపినప్పుడల్లా గరగర వినబడేవారికి, మైకుతో గొంతు రికార్డు చేసుకునేవారికి మంచి డాక్ వల్ల స్పష్టమైన తేడా కలుగుతుంది. అటువంటివారికి కూడా నేను క్యాబినెట్ లోపల బిగించే కార్డు కంటే బయట ఉండే యూఎస్‌బీ డాక్‌నే చెబుతాను. విద్యుత్ రొద పుట్టే చోటికి దూరంగా ఉంటుంది, రేపు ల్యాప్‌టాప్‌కు మారినా పనికివస్తుంది. 2017లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి యూఎస్‌బీ ఆడియో రెండో తరగతి (క్లాస్ 2) పరికరాలకు విడిగా డ్రైవరు కూడా అవసరం లేదు. గేములకు సౌండ్ కార్డు ప్రాసెసర్ భారం తగ్గిస్తుందని ఎవరైనా అంటే, విండోస్ విస్టాతోనే డైరెక్ట్‌సౌండ్‌కు (గేములు ధ్వని కోసం వాడుకునే విండోస్ భాగం) హార్డ్‌వేర్ సాయం తీసివేశారని గుర్తుంచుకోండి.

పాటలు ఆశించినంత విచ్చుకున్నట్టు లేవన్న అసంతృప్తి మీకు ముందునుంచీ ఉండి, అందుకే షాపు మాట నచ్చి ఉంటే, కారణాన్ని రిసీవర్‌లో వెతకండి. సినిమా కోసం పెట్టిన సరౌండ్ మోడ్‌లోనే పాత పాటలు వింటున్నారేమో చూడండి. రెండు చానళ్ల పాటను, అందునా మోనోలో రికార్డయిన పాటను అయిదు స్పీకర్లకు పంచితే గొంతు హాలంతా పరుచుకుని పలచబడుతుంది. స్టీరియో లేదా డైరెక్ట్ అన్న బటన్ నొక్కి వినండి. నైట్ మోడ్ ఆన్‌లో ఉంటే తీసివేయండి. రిసీవర్‌తో వచ్చిన చిన్న మైకును మీరు కూర్చునే చోట పెట్టి, స్పీకర్ల దూరాలనూ స్థాయిలనూ ఒకసారి కొలిపించండి. పన్నెండు వేలు ఖర్చు పెట్టే తీరాలన్న ఉత్సాహం ఉంటే ముందున్న రెండు స్పీకర్లకు మెరుగైనవి చూడండి, అక్కడ పెట్టిన ప్రతి రూపాయీ చెవికి తెలుస్తుంది. పాత రికార్డింగుల్లోని టేపు హిస్సు, గ్రామఫోను చిటపటలు మాత్రం ఏ పరికరంతోనూ పోవు. అవి సీడీలోనే ఉన్నాయి, ఫ్లాక్ వాటిని కూడా నిజాయితీగా దాచి ఉంచుతుంది.

ఇంత చెప్పినా షాపు యజమాని కార్డును నాలుగు రోజులు వాడి చూసి నచ్చకపోతే తిరిగి ఇవ్వమంటే, మొహమాటపడకుండా తెచ్చుకోండి. దాని ఆప్టికల్ సాకెట్‌ను రిసీవర్‌లోని రెండో ఆప్టికల్ ఇన్‌పుట్‌కు కలిపి, రెండింటికీ పైన చెప్పిన సెట్టింగులే చేసి, కార్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్‌లోని బాస్, క్రిస్టలైజర్ వంటి మెరుగులన్నీ ఆపివేసి, డీటీఎస్ ఫైలుతో రెండు దారులనూ సరిచూసుకోండి. తరువాత ఒకే పాటను ఒకే వాల్యూమ్‌లో, ఏ ఇన్‌పుట్ నడుస్తోందో మీకు కనబడకుండా మీ బావగారి చేత మార్పిస్తూ విని, ప్రతిసారీ అది ఏదో కాగితం మీద రాయండి. ఇరవై సార్లు మార్పించి లెక్క చూడండి. సగానికి అటూ ఇటూగా సరిపోతే కార్డు తిరిగి ఇచ్చేయవచ్చు.